పాత ఫారిన్ కారుకు కొత్త స్టీరియో: డ్యాష్‌బోర్డు కోయకుండా ఏది పెట్టించాలి

మా మావయ్యగారి దగ్గర 1991 నాటి మెర్సిడెస్ 230ఇ ఉంది. కార్లు తెలిసినవాళ్లు డబ్ల్యూ124 అంటారు ఆ మోడల్‌ని. సింగపూర్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన వెంట తెచ్చుకున్న కారు, చెన్నైలో చేతులు మారి మా కోనసీమకు చేరింది. ఇంజిన్ ఇప్పటికీ నిమిషంలో అందుకుంటుంది. తలుపు వేస్తే బ్యాంకు లాకరు మూసిన చప్పుడొస్తుంది. అందులో చచ్చిపోయింది ఒక్క క్యాసెట్ రేడియోనే. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి దాకా పాట లేకుండా వెళ్లడం మావయ్యకు ఇష్టం ఉండదు. అందుకని మూడేళ్ల క్రితం కొత్త స్టీరియో పెట్టించే పని నాకు అప్పగించారు.

మొదటిసారి చేయించిన పని పాడైంది, డబ్బు పోయింది. రెండోసారి కుదిరింది. ఆ తర్వాత మా బంధువుల్లో ఒకరి హోండా సీఆర్‌వీకి, భీమవరంలో చేపల చెరువులున్న స్నేహితుడి ల్యాండ్ క్రూయిజర్‌కి కూడా దగ్గరుండి పెట్టించాను. మూడూ మూడు రకాల కార్లు, మూడింటికీ కుదిరిన స్టీరియోలు వేరు. ఇలాంటి కారు ఇంట్లో ఉండి, ఏది పెట్టించాలో తేలక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: డ్యాష్‌బోర్డులో స్టీరియో కూర్చునే గూడుకు తగ్గ స్టీరియోని వెతకాలి గానీ, నచ్చిన స్టీరియో కోసం గూడును కోయకూడదు.

షాపుకు వెళ్లేముందు ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి

ముందు స్కేలు తీసుకుని గూడు కొలవండి. ప్రపంచమంతా వాడే సింగిల్ డిన్ గూడు వెడల్పు 182 మిల్లీమీటర్లు, ఎత్తు 53. డిన్ అనేది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు, కొలత అక్కడి నుంచే వచ్చింది. డబుల్ డిన్‌కి వెడల్పు అంతే, ఎత్తు సుమారు 100. టయోటాలు దీనికి భిన్నం. వాటిలో చాలా మోడళ్లకు గూడు వెడల్పు 200 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు డబుల్ డిన్ స్టీరియో బిగిస్తే రెండు పక్కలా వేలెడంత సందు మిగులుతుంది. దానికి పక్కపట్టీలు విడిగా దొరుకుతాయి. అవి లేకుండా బిగించి, సందులో నల్ల స్పాంజి కుక్కిన కార్లు చాలా చూశాను.

లోతు కొలవడం చాలామంది మర్చిపోతారు. సీడీ మింగే పాత తరహా స్టీరియో లోపలికి 160 నుంచి 180 మిల్లీమీటర్లు పోతుంది. పాత కార్లలో ఆ గూడు వెనకే హీటర్ గొట్టాలు, ఏసీ తీగలు ఉంటాయి. సీడీ లేని రకం, షాపుల్లో మెక్‌లెస్ అంటారు, 100 నుంచి 120 మిల్లీమీటర్లకే అయిపోతుంది. మిగిలిన జాగాలో వైర్లు, వాటిని కలిపే కప్లర్లు (ప్లగ్గులు) నలగకుండా కూర్చుంటాయి. పాత కారుకు ఇది చిన్న లాభం కాదు.

తర్వాత ఓల్టేజి. ఇది ఎవరూ అడగరు, కానీ తప్పితే స్టీరియో క్షణంలో కాలిపోతుంది. జపాన్ మార్కెట్ కోసమే తయారైన కొన్ని పాత డీజిల్ ల్యాండ్ క్రూయిజర్లు 24 ఓల్టుల కరెంటు మీద నడుస్తాయి. బానెట్ ఎత్తగానే రెండు బ్యాటరీలు కనిపిస్తే అనుమానించండి. రెండు బ్యాటరీలున్నంత మాత్రాన 24 ఓల్టులని కాదు. మీటరు పెట్టి చూస్తే తేలిపోతుంది. 24 అయితే 12కి దించే కన్వర్టరు తప్పనిసరి. ఒక్క బ్యాటరీ నుంచి 12 లాగి స్టీరియోకి ఇచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే ఆ బ్యాటరీ ఒక్కటే దిగిపోతూ ఉంటుంది, రెండో దానికి ఛార్జింగ్ ఎక్కువై అది కూడా పాడవుతుంది.

రేడియో బ్యాండ్ కూడా చూడండి. జపాన్‌లో ఎఫ్‌ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై పాత సెట్లలో 90 దగ్గరే ఆగిపోతుంది. మన ఎఫ్‌ఎం స్టేషన్లు చాలావరకు 90కి పైనే, 108 లోపు ఉంటాయి. అంటే నేరుగా జపాన్ నుంచి వచ్చిన కారులో ఒరిజినల్ రేడియో ఎంత బాగా పనిచేస్తున్నా మన దగ్గర గుర్రుమనడమే. అమెరికా సెట్లతో ఇంకో చిక్కు. వాటిలో మీడియం వేవ్ 10 కిలోహెర్ట్జ్ చొప్పున దూకుతుంది, మనది 9 చొప్పున. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ కావాలంటే ఆ సెట్టు 830 దగ్గరో 840 దగ్గరో నిలబడుతుంది, మధ్యలో ఆగదు. సింగపూర్, మలేషియా కార్లకు ఈ బాధ లేదు. కంపెనీవాళ్లే ఇక్కడ అమ్మిన కార్లకూ లేదు.

బ్యాటరీ వైరు విప్పేముందు ఇంకొకటి. బెకర్, బ్లావ్‌పంక్ట్ అనే జర్మన్ కంపెనీల పాత సెట్లలో, హోండా సెట్లలో చాలావాటికి దొంగతనం కోడ్ ఉంటుంది. కరెంటు పోయి మళ్లీ వస్తే ఆ అంకెలు కొడితే గానీ పాడవు. కోడ్ కార్డు కారు పుస్తకాల సంచిలోనే ఉండొచ్చు, వెతికి పెట్టుకోండి.

ఒరిజినల్ సెట్ ఇంకా పాడుతుంటే

అప్పుడు తీయకండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఆ డ్యాష్‌బోర్డు గీసినవాళ్లు ఆ సెట్టుని చూసే గీశారు. దాని బటన్ల వెలుగు, మీటర్ల వెలుగు ఒకే రంగులో ఉంటాయి. ఫోనులో పాటలు అందులోంచి రప్పించడానికి దారులున్నాయి.

అన్నిటికంటే చవక, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. రాజోలులో ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ కాకినాడ చేరేసరికి ఖాళీగా ఉండదు, దారిలో మార్చుకుంటూ పోవాలి. సౌండు కూడా పలచన, బేస్ సగం పోతుంది. ఒక నెల కాలక్షేపానికైతే పెట్టుకోవచ్చు. జపాన్ రేడియో ఉన్న కారులో పెట్టాలంటే ట్రాన్స్‌మిటర్‌ని 87.5, 90 మధ్యలోనే నిలపాలి, వేరే చోట రేడియోకి వినబడదు.

క్యాసెట్ అడాప్టర్, అంటే తీగ తోక ఉన్న ఉత్తుత్తి క్యాసెట్, ట్రాన్స్‌మిటర్ కంటే బాగా వినిపిస్తుంది. కానీ లోపల డెక్కు తిరుగుతూ ఉండాలి. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు బెల్టులు మన వేడికి జిగురై పుల్లీలకు అంటుకుపోతాయి. మావయ్య కారులోని బెకర్ సెట్టులో అదే జరిగింది. తీసి చూస్తే బెల్టు కరిగిన బెల్లంపాకంలా ఉంది.

మంచి దారి మూడోది. ఒరిజినల్ సెట్ లోపలే చిన్న బ్లూటూత్ బోర్డు పెట్టించడం. రేడియో భాగం నుంచి వాల్యూమ్ మీటకు పాట వెళ్లే చోట బ్లూటూత్ పాటని కలుపుతారు. రేడియోలు రిపేరు చేసిన పాతతరం మెకానిక్‌కి ఇది తెలిసిన పనే. బ్లూటూత్ బోర్డుకి ఇచ్చే 5 ఓల్టుల సప్లయి కారు ఎర్త్ నుంచి వేరుగా ఉండే రకం కావాలని గట్టిగా చెప్పండి. లేకపోతే ఎక్స్‌లరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో ఈల పెరుగుతుంది. సెట్టు ఎలాగూ విప్పారు కాబట్టి లోపల ఎండిపోయిన కెపాసిటర్లు కూడా అప్పుడే మార్పించండి. ఖర్చు కొత్త స్టీరియో కంటే ఎక్కువే కావచ్చు. పని తెలిసిన మనిషి దొరకడమే కష్టం. దొరికితే మాత్రం పాత కారుకు దీన్ని మించింది లేదు.

సెట్టు పూర్తిగా పోయినా ముఖం మార్చడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. బ్లూటూత్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్‌ని సీటు కిందో గ్లవ్ బాక్స్ వెనకో దాచి, స్పీకర్లని దానికి కలిపేయడం. పాత సెట్టు అలంకారానికి అలా ఉండిపోతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ వాల్యూమ్ ఫోనులో పెంచాలి, తగ్గించాలి. కాలవగట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తుంటే ఫోను వెతుక్కునే పని ఎవరికీ వద్దు. వాల్యూమ్‌కి విడిగా తిప్పుడు మీట ఇచ్చే ఆంప్లిఫయర్ అయితేనే ఆలోచించండి.

సింగిల్ డిన్ గూడుకు

ఎక్కువమందికి చివరికి సరిపోయేది ఇదే. పయనీర్, సోనీ, జేవీసీ, కెన్‌వుడ్ కంపెనీల మెక్‌లెస్ బ్లూటూత్ సెట్లు. యూఎస్‌బీ ఉంటుంది, ఫోన్ వస్తే మాట్లాడుకోవచ్చు, వాల్యూమ్‌కి తిప్పే గుండ్రటి మీట ఉంటుంది. డబ్ల్యూ124, పాత బీఎండబ్ల్యూ, పాత వోల్వో లాంటి యూరప్ కార్లకు ఇది గూట్లో పిట్టలా సరిపోతుంది.

కొనేటప్పుడు బొమ్మ చూసి కాకుండా మూడు సంగతులు చూడండి. బటన్ల వెలుగు రంగు మార్చుకునే వీలుందా? ఉంటే అంబర్ (పసుపు కలిసిన నారింజ) రంగు పెట్టుకుని రాత్రి చూడండి, పాత జర్మన్ డ్యాష్‌బోర్డులో కలిసిపోతుంది. డిమ్మర్ ఉందా? లేకపోతే రాత్రి ప్రయాణంలో ఆ వెలుగు అద్దంలో పడి కళ్లలో గుచ్చుతుంది. ప్రీ అవుట్ సాకెట్లు ఉన్నాయా? రేపు ఆంప్లిఫయర్ కలపాలనిపిస్తే అవి కావాలి. డబ్బా మీద ‘50 వాట్లు గుణించు 4’ అని ఉంటే పొంగిపోకండి. అన్ని కంపెనీలూ అలాగే రాస్తాయి. 14 ఓల్టుల కరెంటుతో, 4 ఓమ్‌ల స్పీకర్‌కి లోపలి చిప్పు నికరంగా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కలే. మంచి స్పీకర్ ఉంటే ఆ 20 చాలు.

డబ్బుకు వెనకాడనివాళ్లకు పాత కార్ల కోసమే పాత రూపంలో చేసిన సెట్లున్నాయి. బ్లావ్‌పంక్ట్ వాళ్ల బ్రెమెన్ ఎస్‌క్యూఆర్ 46 చూడ్డానికి 1980ల సెట్టు, లోపల బ్లూటూత్. కాంటినెంటల్ వాళ్లకి నారింజ రంగు వెలుగుతో సాదా సింగిల్ డిన్ సెట్టు ఉంది, జర్మన్ కారులో పెడితే పుట్టుకతో ఉన్నట్టే కనిపిస్తుంది. రెండూ బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. అక్కడి నుంచి వచ్చే చుట్టాలుంటే చెప్పిపెట్టుకోండి. కస్టమ్స్ సుంకం, రిపేరు వస్తే ఇక్కడ చూసేవాళ్లు లేకపోవడం, ఈ రెండూ ఆలోచించే మావయ్య వద్దన్నారు. నాకైతే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

సింగిల్ డిన్ గూట్లో బిగించి, ముందుకు పెద్ద స్క్రీన్ వేలాడే రకాలు కూడా వచ్చాయి. మ్యాపు కనిపిస్తుంది, రివర్స్ కెమెరా పెట్టుకోవచ్చు. పాత కార్లలో గూడు కిందెక్కడో, గేరు రాడ్‌కి ముందు ఉంటుంది. తొమ్మిది అంగుళాల స్క్రీన్ అక్కడ నిలబడితే ఏసీ మీటల్ని కప్పేస్తుంది. కొనేముందు ఆ సైజు అట్టముక్క కత్తిరించి గూటి మీద పెట్టి, గేరు మార్చి, ఏసీ మీట తిప్పి చూడండి. ఐదు నిమిషాల పని. సీఆర్‌వీ ఉన్న మా బంధువు ఈ పరీక్షతోనే తాను కొనాలనుకున్నది మానేశాడు.

పెద్ద స్క్రీన్ కావాలంటే

గూడు పుట్టుకతోనే డబుల్ డిన్ అయితే నిరభ్యంతరంగా పెట్టించుకోండి. 2003లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన సీఆర్‌వీలు జపాన్‌లో తయారై ఓడలో దిగినవే. మావాళ్ల సీఆర్‌వీకి పేరున్న కంపెనీ ఏడు అంగుళాల సెట్టు పెట్టించాం. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్నాయి. ఫోను కలిపితే మ్యాపు స్క్రీన్ మీదకొస్తుంది, సెట్టు సొంతంగా ఆలోచించాల్సిన పని తక్కువ.

ఊరూపేరూ లేని తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సెట్లు దాని సగం ధరకే వస్తాయి. వాటిని చులకన చేయను, కొందరికి బాగానే నడుస్తున్నాయి. కానీ రోజూ తీయని పాత కారుకు వాటితో పెద్ద చిక్కు బ్యాటరీ. తాళం తీశాక కూడా కొన్ని సెట్లు నిద్రలో కరెంటు లాగుతూనే ఉంటాయి. 100 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పన్నెండు రోజుల్లో సగం దిగిపోతుంది. పెళ్లిళ్లకీ పండగలకీ మాత్రమే బయటికొచ్చే కారు ఆ రోజు పొద్దున్నే స్టార్టవ్వదు. ఏ స్టీరియో పెట్టించినా బిగించిన రోజే తాళం తీసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ వైరుకి వరసలో మీటరు పెట్టించి చూడండి. మొత్తం కారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు లాగితే ఫర్వాలేదు.

గూడు సింగిల్ డిన్ అయి ఉండి, కింద చెక్క పలక కోసి డబుల్ డిన్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ పలక వెనక ఇనప చట్రం ఉంటుంది, గాలి గొట్టాలుంటాయి. ముప్పై ఏళ్లు ఎండ తిన్న ప్లాస్టిక్ రంపం తగలగానే అటూ ఇటూ పగుళ్లిస్తుంది. కోసిన డ్యాష్‌బోర్డుకి మళ్లీ అతుకు లేదు. పాత ఫారిన్ కార్ల మీద ఇష్టంతో కొనేవాళ్లు ముందు చూసేది కూడా అదే.

మాకు జరిగింది, వైరింగ్ గురించి

మొదటిసారి ఒక పట్టణంలో సీటు కవర్లు, స్టీరియోలు బిగించే షాపుకి తీసుకెళ్లాం. కుర్రాడు చురుకైనవాడే. బెకర్‌ని లాగి, వెనకున్న కప్లర్లని కట్టర్‌తో టకటకా కోసేశాడు. వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పాడింది. కొత్తపేట దాటగానే కాలిన వాసన వచ్చి మూగబోయింది. లోపలి ఆంప్లిఫయర్ చిప్పు పోయింది. బయట బిగించారు కదా అని కంపెనీ వారంటీ ఇవ్వలేదు.

కారణం తర్వాత తెలిసింది. చాలా పాత కార్లలో స్పీకర్ నెగటివ్ వైర్లని ఒకదానితో ఒకటి కలిపేసో, కారు బాడీకి ఎర్త్ చేసో వదిలేసేవాళ్లు. ఆ కాలపు సెట్లకి అది చెల్లింది. ఇప్పటి సెట్లలో ఒక్కో స్పీకర్‌కి రెండు వైర్లలోనూ కరెంటు నడుస్తుంది. అందులో ఏ వైరు బాడీకి తగిలినా చిప్పు కాలుతుంది. ముందు స్పీకర్లకీ వెనక స్పీకర్లకీ సౌండు పంచే ఫేడర్ మీట డ్యాష్‌బోర్డులో విడిగా ఉన్న కార్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ మీటని వైరింగ్‌లోంచి తప్పించాలి.

రెండోసారి రావులపాలెం దగ్గర ఒక పెద్దాయన చేశారు. లారీల వైరింగ్ చేస్తూ ముదిరిన ఆటో ఎలక్ట్రీషియన్. కారు చూసి ముందు ఏమీ విప్పలేదు. మా వసారాలో పీట వేసుకుని కూర్చుని కుర్రాడు చుట్టిన టేపు విప్పారు. ఏప్రిల్ ఎండకి టేపు జిగురు కారి వేళ్లకి అంటుకుంటోంది. లోపల రాగి పచ్చబడింది. “ఆయ్, ఇది ఉప్పుగాలి పనండి, ఇంకో వర్షాకాలం ఉంటే తెగిపోయేదే” అన్నారు. పచ్చబడిన మేరకు కోసి మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లారు. తర్వాత స్పీకర్ వైర్లు ఒక్కొక్కటీ మీటరుతో బాడీకి కొలిచారు. మూడింటికి ఏమీ చూపించలేదు. నాలుగోదానికి మీటరు కుయ్‌మంది. ఆ ఒక్క స్పీకర్ దాకా కొత్త వైరు లాగారు.

అప్పుడు జేబులోంచి గోడగడియారంలో వేసే చిన్న సెల్లు తీసి స్పీకర్ రెండు వైర్లకీ ఒక్క క్షణం తాకించారు. ‘టప్’మని కాగితం కోను ముందుకు కదిలింది. “ముందుకొస్తే ప్లస్సు ఇదండి, వెనక్కి పోతే తిరగేసినట్టు.” నాలుగింటికీ అలాగే గుర్తు పెట్టారు. రెండు స్పీకర్లలో ఒకటి తిరగేసి కలిస్తే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కొట్టుకుని బేస్ మాయమైపోతుంది. కొత్త స్పీకర్లు బాగాలేవని మార్చేవాళ్లలో కొందరికి నిజానికి ఈ తిరగేత సరిచేస్తే చాలు.

వైర్ల రంగులు కొత్త సెట్లలో దాదాపు అన్నిటికీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద ముందు స్పీకర్లు. ఆకుపచ్చ, ఊదా వెనకవి. నల్ల చార ఉన్నది నెగటివ్. కారు వైపు రంగుల్ని మాత్రం నమ్మకండి, మీటరునే నమ్మండి. యూరప్ కార్లలో కొన్నింటికి కప్లర్ కలిసినా పసుపు, ఎరుపు స్థానాలు తారుమారై ఉంటాయి. అలాంటప్పుడు సెట్టు పాడుతుంది, కానీ తాళం తీసిన ప్రతిసారీ టైమూ స్టేషన్లూ మర్చిపోతుంది. కారు ప్లగ్గుకీ కొత్త సెట్టుకీ మధ్య కలిపే అడాప్టర్ వైరులో ఎరుపు, పసుపు మధ్యలో ఊడదీసి మార్చుకునే ముక్కలు పెట్టేది అందుకే. ఐఎస్ఓ కప్లర్ అనే ఆ ప్రామాణిక ప్లగ్గు 1990ల మధ్య నుంచే స్థిరపడింది. అంతకుముందు కార్లలో కంపెనీ సొంత ప్లగ్గు ఉండొచ్చు. మీ మోడల్ పేరు చెప్పి అడాప్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, అది చేతికొచ్చాకే కారు షాపుకు తీసుకెళ్లండి. కొన్ని వందల రూపాయల ఆ ముక్క లేకపోవడం వల్లే కట్టర్ బయటికొస్తుంది.

నీలం వైరు సంగతి వేరే చెప్పాలి. దానంతట అదే పైకి లేచే ఏరియల్ ఉన్న కార్లలో ఆ మోటారుకు సంకేతం ఇచ్చేది అదే. కొందరు దాన్ని ఎరుపుతో కలిపేస్తారు. అప్పుడు పాట పెట్టినా పెట్టకపోయినా, కారు తీసిన ప్రతిసారీ ఏరియల్ నిలువునా లేస్తుంది. తోటల్లో వంగిన కొబ్బరి మట్టకి ఒక్కసారి తగిలితే చాలు, వంగిపోయి మళ్లీ లోపలికి దిగదు. రేడియో పెట్టినప్పుడు మాత్రమే నీలం వైరులో కరెంటు ఇచ్చే సెట్లున్నాయి. అలాంటిది చూసి తీసుకుంటే బ్లూటూత్ పాటలప్పుడు ఏరియల్ కిందే ఉంటుంది. నెలకోసారి దాన్ని పైకి తెచ్చి పొడిగుడ్డతో తుడిచి పలచగా నూనె రాస్తే మోటారు ఎక్కువ కాలం వస్తుంది.

మన గాలికి, మన వేడికి

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉండేవాళ్లు, ఇంకా వరదకు లంకల్లో నీళ్లు చూసేవాళ్లు టేపు జాయింట్లు అసలు ఒప్పుకోకండి. క్రింప్ కొట్టించి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కించి) పైన హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం, వేయించండి. ఎర్త్ వైరు దగ్గరున్న ఏదో స్క్రూకి కాకుండా కంపెనీ ఎర్త్ పాయింటుకే వేయించండి, కింద పెయింటు గీసి, పైన కాస్త గ్రీజు రాసి. ఆంప్లిఫయర్ పెట్టిస్తే బ్యాటరీ నుంచి జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. కారు పొడవునా వెళ్లే లావు వైరు ఎక్కడో ఒరిసి బాడీకి తగిలితే నిప్పు రాకుండా ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే.

స్పీకర్ల విషయంలో డబ్బు దాచుకోకండి. నా లెక్కలో బడ్జెట్‌లో సగం వీటిదే. పాత కాగితం కోన్లు మన తేమకి బూజు పట్టి మెత్తబడతాయి, చుట్టూ ఉన్న ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. పాలీప్రొపిలీన్ కోను, రబ్బరు అంచు ఉన్నవి కొనండి. డబ్ల్యూ124కి ముందు స్పీకర్లు డ్యాష్‌బోర్డు మూలల్లో ఉంటాయి, 100 మిల్లీమీటర్లవి. అంత చిన్న స్పీకర్ నుంచి గుండె అదిరే బేస్ రాదు. కానీ ఘంటసాల గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు వస్తుంది. మావయ్యకు కావాల్సింది అదే. బేస్ కావాలనుకునేవాళ్లు డోర్లు కోయించకుండా సీటు కిందకు చిన్న సబ్‌వూఫర్ చూసుకోండి.

యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసుకుంటే ఏ సెట్టుకైనా ఇబ్బంది రాదు. మండువేసవిలో కారు ఎండలో పెడితే మాత్రం దాన్ని తీసి జేబులో వేసుకోండి.

నన్నడిగితే

కారు పాతది, గూడు సింగిల్, సెట్టు పాడుతోంది అంటే లోపల బ్లూటూత్ బోర్డు. సెట్టు పోయిందంటే మంచి కంపెనీ మెక్‌లెస్ సెట్టు, అడాప్టర్ కప్లర్, కొత్త ముందు స్పీకర్లు, ఈ వరసలోనే. గూడు డబుల్ అయితే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న ఏడు అంగుళాలది. భీమవరం స్నేహితుడి ల్యాండ్ క్రూయిజర్ 24 ఓల్టులది, 200 మిల్లీమీటర్ల గూడు. దానికి కన్వర్టరు, పక్కపట్టీలు, ఏడు అంగుళాల సెట్టు వేశాం. చెరువుగట్టు మీద రాత్రి మేత వేయించేటప్పుడు తలుపులు తెరిచి పాటలు పెట్టుకుంటాడు.

తీసిన పాత సెట్టుని పాత ఇనుముకి వేయకండి. మా బెకర్‌ని గుడ్డలో చుట్టి, తేమ లాగే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, కోడ్ అంకెలు రాసిన చీటీ పైన అంటించి బీరువాలో పెట్టాం. కొత్త సెట్టుకి ఏ రంగు వైరు ఏ స్పీకర్‌దో పెద్దాయన ఒక కాగితం మీద గీసిచ్చారు. దాని జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గ్లవ్ బాక్స్‌లో ఉంచాను.